పియానో పంతులమ్మ నాట్లకు పోయిన కథ

సిద్దిపేటకు ఎందుకు వెళ్లావని అడిగిన వాళ్లందరికీ పరిశోధన కోసమనే చెప్పాను. అది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, సికింద్రాబాదులో మా ఇంటి ముందు గదిలో ఉన్న పియానో మొహం చూడలేక పారిపోయాను.

నేను పియానో వాయిస్తాను, నేర్పుతాను, సంగీతం మీద పరిశోధన కూడా చేస్తాను. మూడు పడవల మీద కాళ్లు పెట్టిందని మా అమ్మ అంటుంది. ఉన్నవి రెండే కాళ్లు కదే అని కూడా తనే అంటుంది. కిందటి చలికాలం హైదరాబాదులో ఒక సభలో సొనాటా అనే మూడు భాగాల పియానో రచన వాయిస్తూ మూడో భాగం మధ్యలో ఆగిపోయాను. ఒంటరిగా వాయించేవాళ్లు స్వరాల కాగితాలు ముందు పెట్టుకోకూడదని మాలో ఒక ఆచారం. అంతా కంఠతా రావాలి. నాకు వచ్చు కూడా, నిద్రలో లేపి అడిగినా వాయిస్తాను. అయినా ఆ రోజు తర్వాతి స్వరం ఏమిటో తెలియలేదు. మూడో భాగం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను, మళ్లీ అక్కడే ఆగాను. మరోసారి ఎత్తుకున్నాను, మళ్లీ అక్కడే. ఇక లేచి, జనానికి నమస్కారం పెట్టి లోపలికి వెళ్లిపోయాను. పాపం, జాలిపడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇప్పటికీ చెవుల్లో గుచ్చుకుంటాయి.

ఇప్పుడు ఆ సభ వాళ్లే, ఆ సొనాటాతోనే మళ్లీ రమ్మంటున్నారు. నిర్వాహకుడు శ్రీధర్ గారు మంచివాడు. ఆదివారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పమన్నాడు. ఈసారి కాదంటే ఇక ఎవరూ పిలవరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కాదని మర్యాదగా ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ బస్సెక్కాను.

జూబిలీ బస్టాండు నుంచి

ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి సీటు దొరకడం అదృష్టమే. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, సున్నా టికెట్టు చింపి చేతిలో పెట్టి, నిలబడమన్నాడు. శామీర్‌పేట దాటాక ఒక పెద్దావిడ జరిగి కాస్త చోటిచ్చింది. కూర్చున్నానే గానీ నా వేళ్లు కూర్చోలేదు. మోకాళ్ల మీద మూడో భాగం వాయిస్తూనే ఉన్నాయి. ఆవిడ కాసేపు చూసి నా మణికట్టు పట్టుకుంది.

"ఏమైంది బిడ్డా, చేతులు గుంజుతున్నయా?"

"లేదమ్మా, అలవాటు."

"అలవాటు గాదు, గది నరాల బీమారి. మా తోటికోడలికి గిట్లనే ఉండె. సిద్దిపేటల మంచి డాక్టరున్నడు, సూపెట్టుకో."

గజ్వేలు దాటేదాకా తోటికోడలి నరాల చరిత్ర విన్నాను. దిగేటప్పుడు ఆవిడ ఆ డాక్టరు దవాఖాన ఏ సందులో ఉందో రెండుసార్లు చెప్పి, పోతానని నాచేత మాట తీసుకుంది. వెళ్లి ఉండాల్సిందేమోనని తర్వాత రెండు మూడుసార్లు అనిపించింది.

నా పరిశోధన సంగతి కూడా చెప్పాలి. పని పాటల్లో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు ఎలా అందుకుంటారన్నది నా విషయం. పియానో మీద కూడా కుడిచెయ్యి పాడుతుంటే ఎడమచెయ్యి అందుకుంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం రాస్తానని విశ్వవిద్యాలయం వాళ్లకు గొప్పగా మాటిచ్చాను. నాట్ల పాటలు రికార్డు చేసుకుందామంటే వానాకాలంలోనే వెళ్లాలి. మాది గోదావరి వైపు. అక్కడ నాట్లను ఊడ్పులంటాం. చిన్నప్పుడు గట్టు మీద గొడుగు వేసుకుని చూడటమే తప్ప నేనెప్పుడూ బురదలో కాలు పెట్టలేదు.

సిద్దిపేట

లాడ్జీ గది శుభ్రంగానే ఉంది, కానీ గదిలో కాలు నిలవలేదు. సంచి పడేసి కోమటి చెరువు కట్ట మీదికి పోయాను. మబ్బు పట్టి ఉంది, జనం కుటుంబాలతో వచ్చి ఫోటోలు దిగుతున్నారు. నేను కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాను. ఎవరైనా చూస్తే పోగొట్టుకున్న చెవి దిద్దు వెతుక్కుంటోందని అనుకుంటారు.

బయట బండి దగ్గర మక్క గారెలు వేస్తున్నారు. మొక్కజొన్న కంకులు అప్పటికప్పుడు ఒలిచి, పచ్చిమిర్చి, ఎల్లిపాయ వేసి దంచి నూనెలో వేస్తారు. మా వైపు గారె అంటే మినప్పప్పే. ఇక్కడ గారె కొరికితే తియ్యగా తగిలి, ఆ వెంటనే కారం నెత్తికెక్కుతుంది. ప్లేటు ముప్ఫై రూపాయలు. రెండో ప్లేటు అడిగితే బండి ఆవిడ సంతోషించింది.

"ఏం పని జేస్తవక్కా?"

"పియానో నేర్పుతాను."

"పెండ్లిల్ల బ్యాండోళ్ల కాడ ఉంటది, గదేనా?"

"దానికి పెద్దమ్మ అనుకోండి."

"మరి నువ్వు పెండ్లిల్ల వాయిస్తవా?"

వాయించనన్నాను. "మరి ఏడ వాయిస్తవ్?" అంది. సభల్లో అందామని నోరు తెరిచాను, కానీ కిందటి చలికాలం తర్వాత ఏ సభలోనూ వాయించలేదని గుర్తొచ్చింది. ఇంట్లోనే అని చెప్పాను. "గట్లనా," అని ఆవిడ నూనె వైపు తిరిగింది. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నేనే రెండో ప్లేటు సగంలో వదిలేసి వచ్చేశాను.

చింతమడక

పొద్దున్నే యాదగిరి అనే ఆటో అతన్ని మాట్లాడుకున్నాను. నాట్లు ఎక్కడ పడుతుంటే అక్కడికి తీసుకెళ్లమంటే, చింతమడక పోదాం, రోడ్డు పొంటే మళ్లున్నయి అన్నాడు. నిజంగానే ఉన్నాయి. వరసగా వంగిన మనుషులు, నారు కట్టలు, నీళ్లు నిండిన మడి. రికార్డరు తీసి, గట్టు మీద జారకుండా నడిచి, వాళ్లకు దగ్గరగా వెళ్లి నిలబడ్డాను. తీరా చూస్తే అందరూ మగవాళ్లు. ప్లాస్టిక్ కవరులో చుట్టి గట్టు మీది కర్రకు కట్టిన సెల్‌ఫోనులో భోజ్‌పురి పాట అరుస్తోంది.

బీహారు నుంచి వచ్చిన జట్టు అది. నాకొచ్చిన హిందీలో వాళ్ల మేస్త్రీని మీరు పాడరా అని అడిగాను. అతను నడుము నిలబెట్టి నవ్వాడు. పాడితే వేగం తగ్గుతుంది దీదీ, ఫోను మా బదులు పాడుతోంది కదా అన్నాడు. మడి రైతు గట్టు మీద గొడుగు పట్టుకుని ఉన్నాడు. నాకు జరిగిన అన్యాయమంతా ఆయనతో చెప్పుకున్నాను.

"ఏం జేద్దమమ్మా, అందరికీ ఒక్కపారే నాట్లు వడ్తయి. మనోళ్లు దొర్కుతలేరు," అన్నాడు. "వీళ్లకు ఎకరం గుత్తకిస్తే దినంల అయిపాయె. పాటలు గావాల్నంటే టీవీ ఉన్నది గద."

వెనక్కి వస్తుంటే నా ఎడమకాలి చెప్పు బురదలో దిగిపోయింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికినా దొరకలేదు. యాదగిరికి నవ్వాగలేదు గానీ పాపం జాలి కూడా వేసినట్టుంది. "నంగునూరు దిక్కు మా మేనత్త లచ్చవ్వ జట్టున్నది మేడమ్. ఆమె నోరు మూస్తే పొద్దు పోదు. రేపు తోల్కపోతా," అన్నాడు. మర్నాడు ఆదివారం. నాట్లకు ఆదివారం సెలవు లేదు, శ్రీధర్ గారి గడువుకూ లేదు.

నంగునూరు

ఊరు రాకముందే మడి పక్కన ఆటో ఆపాడు. ఎనిమిది తొమ్మిది మంది ఆడవాళ్లు నెత్తిన ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని నాటుతున్నారు. అంచున ఉన్న పొడుగాటి ఆవిడ తలెత్తింది. అరవై దాటి ఉంటాయి, గొంతు మాత్రం రోడ్డు దాకా వినిపిస్తోంది.

"ఏందిరా యాదిగా, ఎవలను తోల్కొచ్చినవ్?"

"పట్నం నుంచి వచ్చిందత్తా. పాటలు ఎక్కించుకపోతదట."

"ఒడ్డు మీద నిలవడితే పాట రాదు. దిగమను."

దిగాను. చీర దోపుకుని, రికార్డరు మెడలో వేసుకుని, మోకాళ్ల దాకా చల్లటి బురదలోకి దిగాను. నాకు ఒక నారు కట్ట చేతికిచ్చి, లచ్చవ్వకూ ఆమె మరదలు బాలమణికీ మధ్యలో నిలబెట్టారు. నాటుతూ వెనక్కి నడవాలి. రెండు వరసలు నాటేసరికి బాలమణి అందరినీ పిలిచి చూపించింది.

"సూడున్రి, పట్నపామె నాటినయి ఈత కొడ్తున్నయ్!"

నిజమే, నా మొక్కలన్నీ నీళ్ల మీద తేలుతున్నాయి. బాలమణి నవ్వుతూనే వాటిని మళ్లీ గుచ్చుకుంటూ వచ్చింది. సికింద్రాబాదులో అందరూ నన్ను మేడమ్ గారూ అంటారు. ఇక్కడ పావుగంటలో నువ్వు, నీ మొక్కలు అనే దాకా వచ్చారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేశాను.

అప్పుడు లచ్చవ్వ పాట ఎత్తుకుంది. సీలమ్మ అనే పిల్ల కథ. లచ్చవ్వ ఒక ముక్క పాడితే మిగతావాళ్లు "ఓ సీలమ్మా" అని తోక అందుకుంటారు. ఆ తోక పాడినంతసేపట్లో లచ్చవ్వ గాలి పీల్చుకుని తర్వాతి ముక్క సిద్ధం చేసుకుంటుంది. నేను కావాలనుకున్నది సరిగ్గా ఇదే. రికార్డరు తిరుగుతోంది, నా మనసు ఎగురుతోంది. సీలమ్మ కడవ ఎత్తుకుంది, వాగు దాటింది, వాగవతల ఒక పిల్లగాడు ఎదురయ్యాడు. అక్కడ లచ్చవ్వ ఆగింది.

మర్చిపోయింది. ఆమె మొహం చూడగానే తెలిసింది. ఆ మొహం నాకు బాగా తెలుసు, అద్దం అవసరం లేదు. వెనక వాళ్లు "ఓ సీలమ్మా" అన్నారు, మళ్లీ అన్నారు, మళ్లీ అన్నారు. చేతులు నాటుతూనే ఉన్నాయి. ఎవరూ అడక్కుండానే బురద చెయ్యి పైకెత్తి, క్లాసులో విద్యార్థులకు చెప్పినట్టే గట్టిగా, "ఫర్వాలేదు అవ్వా, మొదటి నుంచి పాడండి!" అన్నాను.

నా క్లాసులో నియమం అదొక్కటే. ఎక్కడ తప్పినా వెనక్కి వెళ్లి మొదటి నుంచి వాయించాలి. మా గురువుగారు నాకు అలాగే నేర్పారు, నేనూ అలాగే నేర్పుతున్నాను.

పాట ఠక్కున ఆగిపోయింది. వరసంతా నడుములు నిలబెట్టి నా వైపు చూసింది. బాలమణి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మొదటి నుంచంటే? మళ్ల గా ఒడ్డు కాడికి పోవాల్నా? నాటిన నారంత పీకాల్నా?"

మడి అంతా నవ్వులు. గట్టు మీద నిలబడ్డ ఆ మడి రైతు మాత్రం నవ్వలేదు. "ఏమైందమ్మా, ఆపిన్రేంది? మొగులు సూస్తున్నరా?" అని అరిచాడు. మొగులు నిజంగానే నల్లబడుతోంది. లచ్చవ్వ నన్ను పట్టించుకోకుండా వంగి మళ్లీ ఎత్తుకుంది. ఈసారి సీలమ్మ కొడుకుకు ఉయ్యాల కడుతోంది.

"ఓ వదినె!" బాలమణి అరిచింది. "పెండ్లి గాకముందే సీలమ్మ కొడుకును కన్నది!"

"పెండ్లి మొన్న పాడిన గదనే. ఎన్నిపార్ల జేస్తరు పెండ్లి?" అంది లచ్చవ్వ. ఉయ్యాల ఊగింది, వరస వెనక్కి కదిలింది. వాన వచ్చేలోగా ఆ మడి అయిపోయింది.

మధ్యాహ్నం పంపు షెడ్డులో అన్నాలు. వాళ్ల గిన్నెల్లోంచి నాకూ పెట్టారు. అన్నం, టమాట తొక్కు, పచ్చి పులుసు. పొయ్యి ఎక్కించకుండా చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయ కలిపే ఈ పులుసును మా వైపు ఎవరికైనా పెడితే, ఇంకా కాచలేదా అని అడుగుతారు. నేను మూడుసార్లు పోయించుకున్నాను. కడుపు నిండాక నోరు కూడా ఊరుకోలేదు. సభలో నాకు జరిగింది చెప్పాను.

"నీ ఎనుక అందుకునేటోళ్లు లేరా?" అంది లచ్చవ్వ.

"లేరు. నేనొక్కదాన్నే."

"ఒక్కదానివే ఎందుకు పోయినవ్? తోడు తీస్కపోవద్దా?"

నాకు కోపమొచ్చింది. మా సంగీతం ఇలా కాదన్నాను. ప్రతి స్వరం ఎవరో రాసి పెట్టినదే, ఒక్కటి కూడా వదలకూడదు, ఇష్టమొచ్చినట్టు పెళ్లి ఎగరగొట్టి ఉయ్యాల కట్టడానికి వీల్లేదు అన్నాను. గొంతు కాస్త పెరిగిందనుకుంటాను. లచ్చవ్వ "గట్లనా" అని, రైతు చాయ్ పంపిండా లేదా అని యాదగిరిని అడగడంలో పడిపోయింది. నా సంగీతం ఆమెకు ఎందుకు? చాయ్ వేడిగా ఉంటుందా చల్లారిందా అన్నది ఆమెకు ముఖ్యం. అది న్యాయమే.

బాలమణి మాత్రం నా చేతి వైపే చూస్తోంది. కోపంగా మాట్లాడుతూ, నాకు తెలియకుండా ఎడమచేత్తో టిఫిన్ గిన్నె మూత మీద వాయిస్తున్నాను.

"నువ్వు మాట్లాడ్తనే ఉన్నవ్, నీ చెయ్యి దాని పని అది జేసుకుంటనే ఉన్నది," అంది. "దానికి నీతోటి పనేం లేదా?"

చూసుకున్నాను. మూడో భాగం. సరిగ్గా నేను ఆగిపోయిన చోట ఎడమచేతికి ఉండే వరస. ఒకే చిన్న ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంది. సభలో కుడిచెయ్యి తప్పగానే దాన్ని కూడా నేనే ఆపేశాను. ఎవరూ ఆపమనలేదు. అలవాటు కొద్దీ ఆపేశాను.

మర్కూక్

ఆ మధ్యాహ్నమే ఎక్కిన తిరుగు బస్సు గజ్వేలు దగ్గరికి వచ్చేసరికి దిగిపోయాను. ఇంటికి వెళితే శ్రీధర్ గారికి జవాబు చెప్పాలి, ముందు గదిలో పియానో ఉంటుంది. కొండపోచమ్మ సాగర్ కట్ట చూసి పోదామని మర్కూక్ ఆటో ఎక్కాను. కట్ట ఎత్తుగా ఉంది. ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. పైన గాలి చీర కొంగును తలమీదికి విసిరికొట్టింది. అవతలి ఒడ్డు కనిపించనంత నీళ్లు. కింద వేయించిన చేపలు అమ్ముతున్నారు. ప్లేటు నూట ఇరవై, బేరం ఆడితే వంద. ముళ్లు చూసుకోకుండా తిని నాలుక గుచ్చుకున్నాను.

ఫోను మోగింది. శ్రీధర్ గారే. కూర్చుకున్న మర్యాద మాటలన్నీ నోటి దగ్గరే ఉన్నాయి.

"మేడమ్, ఏమనుకున్నారు?"

"వస్తాను."

"చాలా సంతోషం! ఈసారి..." అని ఆగి, "ఈసారి కాగితాలు పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు మేడమ్," అన్నాడు.

వద్దన్నాను. ధైర్యం వచ్చిందనుకునేరు, అదేం కాదు. ఫోను పెట్టేశాక కట్ట మీద రాయి చూసుకుని కూర్చున్నాను, మళ్లీ లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఎందుకు ఒప్పుకున్నానా అని కిందికి దిగేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

సికింద్రాబాదు

వచ్చిన మర్నాడు క్లాసు. నా విద్యార్థుల్లో బ్యాంకులో పనిచేసే యాభై ఏళ్ల పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. వాయిస్తూ మధ్యలో ఆగి, అలవాటు ప్రకారం మొదటికి పోబోయాడు. మొదటికి వద్దు, ఎడమచెయ్యి ఆపకండి, ఏ ముక్క గుర్తొస్తే అక్కడ అందుకోండి అన్నాను. ఆయన అనుమానంగా చూశాడు. "మధ్యలో వదిలేస్తే ఫీజు కూడా తగ్గిస్తారా మేడమ్?" అన్నాడు. తగ్గించనన్నాను.

సభకు ఇంకా ఉన్న ఆ నెల రోజులూ నాకు నిద్ర సరిగా లేదు. వ్యాసం ఒక్క పేజీ కూడా కదల్లేదు. రికార్డు చేసిన పాట వింటే అందులో నా గొంతే "మొదటి నుంచి" అని అరుస్తోంది. దాన్ని కత్తిరించాలని కూర్చుని, కత్తిరించకుండా లేచాను.

సభ రోజు మొదటి రెండు భాగాలు బాగానే పోయాయి. మూడో భాగంలో ఆ చోటు వస్తోందని నాకు తెలుసు. వచ్చింది. కుడిచెయ్యి మీటల మీద నిలబడిపోయింది. ఎడమచెయ్యిని ఆపలేదు. అదే ముక్క తిరిగింది, మళ్లీ తిరిగింది, మళ్లీ తిరిగింది. ముందు వరసలో ఎవరో దగ్గారు. భయమేసింది. లేచిపోవాలని కాళ్లు నిజంగానే కదిలాయి. ఇంకో చుట్టు తిరిగాక కుడిచేతికి ఒక ముక్క దొరికింది. రావలసిన చోటు కాదు అది, దానికి అర పేజీ అవతలిది. దాన్నే పట్టుకుని ముందుకు పోయాను. ఎవరో రాసి పెట్టిన అర పేజీ, ఒక్క స్వరం వదలకూడదని నేను పోట్లాడిన అర పేజీ, ఆ రోజు ఎవరూ వినలేదు.

ఆ సొనాటాలో చివరి పేజీ చాలా తేలిక. కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా వాయిస్తారు. ఇంట్లో నేను లెక్కలేనన్నిసార్లు వాయించాను. జనం ముందు మాత్రం ఎప్పుడూ అక్కడిదాకా రాలేదు. ఇదే మొదటిసారి. కళ్లు నిండిపోయి మీటలు కనిపించలేదు. చప్పట్లు మొదలైనా చివరి స్వరం మీద నుంచి వేళ్లు తియ్యబుద్ధి కాలేదు.